పునాది ఎవరిది? గడప ఎవరిది?

విదేశంలో చిత్రకళ చదవాలనుకునే మన విద్యార్థి తరచు మొదట తట్టే తలుపు ఫౌండేషన్ కోర్సుది. ఇంగ్లండులో ఇది ఒక సంవత్సరపు చదువు. చిత్రలేఖనం, శిల్పం, వస్త్రాలంకరణ, అచ్చుపని, ఫొటోగ్రఫీ అన్నీ కొద్దికొద్దిగా చేయించి, తాను ఏ దారిన పోవాలో విద్యార్థినే తేల్చుకోమంటుంది. దరఖాస్తుతో పాటు తన పనుల సంపుటిని, అంటే పోర్ట్‌ఫోలియోను పంపాలి. ఇంగ్లీషు పరీక్ష ప్యాసు కావాలి. ఫీజుకూ బసకూ చాలిన సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో నిలవ ఉన్నదని వీసాకోసం రుజువు చూపాలి.

డబ్బు సంగతి తరువాత చూద్దాం. ముందుగా పోర్ట్‌ఫోలియో సంగతి. అక్కడి అధ్యాపకులు కోరేది నున్నగా పూర్తి అయిన బొమ్మను కాదు. ఆలోచన ఎక్కడ మొదలయింది, ఎక్కడ తప్పుదారి పట్టింది, ఎలా మలుపు తిరిగింది అన్నది స్కెచ్‌బుక్కులో కనబడాలంటారు. చక్కగా దించిన నకలుకు అక్కడ విలువ లేదు. మన విద్యార్థి తికమకపడేది ఇక్కడే. బడిలో డ్రాయింగు మాస్టరు నేర్పినది, లోయరు, హయ్యరు పరీక్షలలో మార్కులు తెచ్చిపెట్టినది ఆ నకలు దించటమే కదా! తన చేతి నైపుణ్యమే తన లోపంగా లెక్కకు రావటం చూచి అతడు సిగ్గుపడతాడు. ఆ సిగ్గు అతడు పడవలసినది కాదు. ఎందుకు కాదో చరిత్ర చెబుతుంది.

ఇంగ్లండు ప్రభుత్వం 1837లో లండనులో డిజైను పాఠశాల తెరిచింది కళమీద ప్రేమతో కాదు. ఫ్రెంచి సరుకుతో పోటీకి నిలవగల నమూనాలు బ్రిటిష్ మిల్లుదార్లకు కావలసి వచ్చాయి. 1851 నాటి మహాప్రదర్శన తరువాత హెన్రీ కోల్ నాయకత్వాన కళావిద్య అంతా ఒక ప్రభుత్వ శాఖ క్రిందకు వచ్చింది. రిచర్డ్ రెడ్‌గ్రేవ్ 23 అంచెల పాఠ్యక్రమం తయారు చేశాడు. సరళరేఖలు, తరువాత ముద్రిత పటాల నకళ్ళు, తరువాత ప్లాస్టరు పోతబొమ్మల నకళ్ళు, ఇలా మెట్టుమెట్టుగా ఎక్కాలి. సొంత ఊహకు చోటు దొరికేది ఎక్కడో పైమెట్టు మీద. కార్ఖానాకు కావలసిన క్రమశిక్షణ గల చేతిని తయారు చేయటానికి ఇంతకంటె మంచి యంత్రం లేదు.

ఈ యంత్రమే ఓడ ఎక్కి మన దేశానికి వచ్చింది. మద్రాసులో 1850లో, కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో కళాపాఠశాలలు వెలిశాయి. క్రమంగా వీటన్నిటికీ సౌత్ కెన్సింగ్టన్ పద్ధతే ఒరవడి అయింది. ఇందులోని వైపరీత్యం గమనించదగినది. ఆ 1851 ప్రదర్శనలోనే భారతీయ వస్త్రాల అలంకరణను చూచి ఓవెన్ జోన్స్ వంటి ఆంగ్ల విమర్శకులు, ఇదీ డిజైను అంటే, అని మెచ్చుకున్నారు. ఆ బట్ట నేసిన చేతులను లాంకషైర్ మిల్లుగుడ్డ కూలదోస్తూ ఉండగా, ఆ చేతుల బిడ్డలకు గ్రీకు పోతబొమ్మల నకలు నేర్పటం మొదలయింది. మన డ్రాయింగు మాస్టరు ఆ యంత్రపు చిట్టచివరి పండ్లచక్రం. అతని మీద కోపగించి ప్రయోజనం లేదు.

నకలు మీద తిరుగుబాటు 1919లో రెండు చోట్ల తల ఎత్తింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడి, విప్లవంలో ఊగిపోయిన జర్మనీలో, వైమార్ పట్టణాన వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ పాఠశాల స్థాపించాడు. యోహానెస్ ఇట్టెన్ అక్కడ ప్రారంభ శిక్షణ ఒకటి ఏర్పరిచాడు. నేటి ఫౌండేషన్ కోర్సులకు మూలపురుషుడు అదే. కొయ్య, గాజు, తీగ, కాగితం, గుడ్డపీలిక ఏది దొరికితే అది చేతికిచ్చి, దాని గరుకును, నునుపును, బరువును కనుక్కోమన్నారు. అకాడమీ అంటించిన అలవాట్లను వదిలించి అందరినీ ఒకే గీత దగ్గర నిలబెట్టటం దాని ఆశయం. అయితే ఆ గీత కూడా పూర్తిగా సమం కాదు. ప్రారంభ శిక్షణలో నెగ్గినవారికే కార్ఖానాలోకి ప్రవేశం. ఆడపిల్లలను మాత్రం చాలామందిని మగ్గాల గదికే తోలారు.

అదే సంవత్సరం శాంతినికేతనంలో రవీంద్రనాథ ఠాగూరు కళాభవన్ నెలకొల్పాడు. నందలాల్ బోసు నడిపిన ఆ పాఠశాలలో పోతబొమ్మలకు బదులు చెట్టు, పశువు, సంతకు పోయే సంతాలు మనిషి గురువులయ్యారు. ముగ్గు, కుండ, గోడబొమ్మ పాఠ్యగ్రంథాలయ్యాయి. 1938లో హరిపురా కాంగ్రెసు మహాసభకోసం నందలాల్ వేసిన పటాలలో కనిపించేది పని చేసుకునే జనం. ఇదీ ఒక పునాది శిక్షణే. కాని దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు. ఈ రెండు పాఠశాలలు ఒకరినొకరు ఎరుగనివి కావు. శాంతినికేతనంలో బోధిస్తున్న స్టెల్లా క్రామ్రిష్ చొరవతో 1922 డిసెంబరులో బౌహౌస్ చిత్రకారుల పనులు కలకత్తాలో ప్రదర్శితమయ్యాయి. పడమర నేర్పితే తూర్పు నేర్చుకున్నదన్న కథ ఎంత డొల్లదో ఈ ఒక్క సంగతి చాటుతుంది.

1933లో నాజీల ఒత్తిడి క్రింద బౌహౌస్ మూతబడింది. ప్రారంభ శిక్షణ చెప్పిన యోసెఫ్ ఆల్బర్స్ అమెరికాలో బ్లాక్ మౌంటెన్ కాలేజీకి చేరేనాటికి అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. మొహోలీ-నాజ్ 1937లో షికాగోలో కొత్త బౌహౌస్ తెరిచాడు. పరాయి దేశపు గడప తొక్కిన మనుషులే ఈ చదువును ప్రపంచమంతా మోసుకుపోయారు. నేడు అదే చదువుకోసం వచ్చే పరదేశిని భాషాపరీక్ష, బ్యాంకు చిట్టా అడుగుతున్న దేశాలు ఈ సంగతి మరచినట్లున్నాయి.

ఇంగ్లండులో 1950ల నుంచి విక్టర్ పాస్మోర్, రిచర్డ్ హామిల్టన్, హారీ థుబ్రన్ మొదలైనవారు ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. 1960లో కోల్డ్‌స్ట్రీమ్ సంఘం నివేదిక వచ్చింది. 1963లో కొత్త డిప్లొమా మొదలయింది. దానికి ముందు ఒక సంవత్సరపు పునాది చదువు ఆనవాయితీ అయింది. తలుపు తెరుచుకున్నదనుకునే వేళకే దానికి గడియలు కూడా బిగించారు. డిప్లొమాలో చేరటానికి సాధారణంగా అయిదు ఓ-లెవెలు ప్యాసులు ఉండాలన్నారు. 1968 మే నెలలో లండనులోని హార్న్సీ కళాశాల విద్యార్థులు కాలేజీని ఆక్రమించుకొని ప్రశ్నించిన వాటిలో ఈ అర్హత నియమం కూడా ఒకటి. విదేశీయుడి మీద గడియ మరింత బరువైనది. 1967లో లేబరు ప్రభుత్వమే విదేశీ విద్యార్థుల ఫీజు 250 పౌన్లు చేసింది. స్వదేశీయులకు అది 70 పౌన్లు. 1980 నుంచి థాచర్ ప్రభుత్వం చదువుకయ్యే మొత్తం ఖర్చు విదేశీయుడే భరించాలన్నది. నేడు ఇంగ్లండులో ప్రభుత్వ నిధులతో నడిచే కాలేజీలో 19 ఏళ్ళలోపు స్వదేశీ విద్యార్థికి ఫౌండేషన్ కోర్సు సాధారణంగా ఉచితం. పక్క బల్లమీద కూర్చున్న మన విద్యార్థి దానికి పూర్తి ధర చెల్లిస్తాడు. పాఠం ప్రజాస్వామికం, రసీదు మాత్రం వర్గ స్వభావం కలది.

ఈ లెక్క లేని రోజుల్లో వెళ్ళినవాడు మన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, శాంతినికేతనంలో నందలాల్ దగ్గర చదివి, 1949లో లండను స్లేడ్ పాఠశాలకు, అక్కడినుంచి పారిస్‌కు వెళ్ళాడు. హేటర్ నడిపిన ఆతలియే 17లో ఒకే పలకమీద పలు రంగులను ఒకేసారి అచ్చు వేసే పద్ధతిని సహచరులతో కలిసి రూపొందించాడు. రంగుల చిక్కదనంలోని తేడాయే ఆ పద్ధతికి ఆధారం. తరువాత ఆ కార్ఖానా నిర్వహణలో హేటర్‌కు జోడుగా నిలిచాడు. 1968 పారిస్ విద్యార్థుల తిరుగుబాటును అచ్చుచిత్రంగా మలిచాడు. 2018లో న్యూయార్కులో కన్నుమూశాడు. నేర్చుకోబోయినవాడు నేర్పేవాడయ్యాడంటే, అతడు పట్టుకుపోయినది ఖాళీ చేతులు కావు. అతని పునాది ఇక్కడే పడింది.

కాబట్టి రెండు పెడధోరణులను వదులుకోవాలి. విదేశీ చదువంతా సామ్రాజ్యవాదపు వల అని కొట్టిపారేయటం ఒకటి. చూచే కన్నును, ప్రశ్నించే చేతిని తయారు చేసే ఆ చదువు మానవజాతి ఉమ్మడి ఆస్తి. రెండవది ఇంకా ప్రమాదకరం. నేడు మన నగరాల్లో పోర్ట్‌ఫోలియో తయారు చేయించే శిక్షణ కేంద్రాలు వెలిశాయి. అక్కడ వాళ్ళకు నచ్చేలా స్కెచ్‌బుక్కు ఎలా నింపాలో, తప్పులను కూడా ఎలా అందంగా చూపాలో నేర్పుతారు. నిన్న పోతబొమ్మను నకలు దించాం, నేడు నకలు చేయకపోవటాన్ని నకలు దించుతున్నాం. డబ్బున్నవాడి పిల్లకు ఈ కొత్త నకలు కూడా దొరుకుతుంది. మగ్గం గుంట పక్కన పెరిగిన పిల్లకు అది దొరకదు. పడుగు లెక్క, రంగు కాచటం, సంత రోజు తండ్రి ముఖం వంటివి తన స్కెచ్‌బుక్కులో ఉండవచ్చునని ఆమెకు చెప్పేవారు కూడా లేరు.

ఆ మాట చెప్పవలసింది మన అధ్యాపకులు. పునాది చదువు మన దేశానికి అసాధ్యమేమీ కాదు. 1961లో అహమదాబాదులో వెలసిన జాతీయ డిజైను సంస్థ దాన్ని అమలు చేసి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2015 నుంచి అటువంటి సంస్థ ఉన్నది. కాని నాలుగు గోడల మధ్య కొద్దిమందికి దొరికే చదువును పునాది అనలేము, అది మేడ మీది గది. ప్రభుత్వ పాఠశాలలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం ఖాళీగా ఉండకూడదనీ, నకలు పరీక్షకు బదులు పరిశీలన పరీక్ష రావాలనీ, విదేశానికి పోయే పేద విద్యార్థికి ప్రభుత్వ వేతనం కళకూ వర్తించాలనీ మనం అడగాలి. అంతవరకూ దరఖాస్తు పెట్టే ప్రతి విద్యార్థీ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. నకలు చేసే చేతిని మనకు ఇచ్చినవాడే నేడు ఆ చేతిని తప్పు పడుతున్నాడు. ఆ గడప ముందు మనం తల దించుకోవలసిన పని లేదు.