మన ఊరి గుట్ట, కోట, మన మగ్గం

నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

హోసూరు అంటే కన్నడంలో కొత్త ఊరు. ఊరికి గుర్తు చంద్రచూడేశ్వర స్వామి గుట్ట. తేరు రోజున తెలుగు, కన్నడం, తమిళం మాట్లాడేవాళ్ళందరూ ఒకే తాడు పట్టి లాగుతారు. కృష్ణగిరికి గుర్తు కొండమీది కోట. విజయనగర రాజుల కాలం నాటిదని పెద్దలు చెప్తారు. తర్వాత హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఏలినారు. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ సీమ కుంఫిణీ చేతికి పోయింది. టిప్పు పడిపోయినాక 1799లో హోసూరు వైపూ పోయింది. మన్రో దొర కలెక్టరు కాకముందు పని నేర్చుకున్నది ఈ బారామహల్‌లోనే.

రాజుల కోటలు సరే, మన నేతవాళ్ళకు దగ్గరైన గుర్తు ఒకటుంది. హోసూరు పక్కన తొరపల్లి. 1878లో రాజాజీ పుట్టిన ఊరు. 1952లో ఆయన మదరాసు ముఖ్యమంత్రి అయినప్పుడు నూలు బట్ట అమ్ముడుపోక మగ్గాలు నిలిచిపోయినాయి. చీరలు, పంచలు చేనేతకే వదలండి అని ఆయన కేంద్రాన్ని పట్టుబట్టి అడిగినాడు. 1985లో రిజర్వేషన్ చట్టం వచ్చింది. మొదట 22 రకాలు, తర్వాత 11 రకాలకు తగ్గించినారు. చట్టం ఉంది గానీ మరమగ్గం బట్ట చేనేత పేరుతో అమ్ముడవుతానే ఉంది.

సిప్కాట్ ఫ్యాక్టరీలు వచ్చినాక మన పిల్లలు కంపెనీ బస్సెక్కినారు. దాన్ని తప్పు అనను, కడుపు నిండాలి కదా. చాలా ఇళ్ళల్లో మగ్గం గుంత పూడ్చి పైన గచ్చు వేసేసినారు. మా సంఘం పాత లెక్కల పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. మా మనవడికి చూపిస్తే, "తాతా, ఇది నాకు చదవను రాదు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కోట రాయి ఇంకా నూరేళ్ళు ఉంటుంది. మన చరిత్ర రాయి మీద లేదు, ముసలివాళ్ళ నోట్లో ఉంది. అందుకే ఒక మనవి. ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఏ ఊరి నుంచి వచ్చినాం, ఎన్ని మగ్గాలుండేవి, ఏం నేసేవాళ్ళం అని అడిగి రాసి పెట్టండి. పిల్లలకు నాలుగు తెలుగు అక్షరాలు నేర్పండి. రేపు అది చదివేది వాళ్ళే.