లేజిం లెక్క ఎవరి దగ్గరుంది?

జూబిలీ సంచికకు మా తాలీం, అంటే వ్యాయామశాల, చరిత్ర రాసివ్వమన్నారు. మినిట్స్ బుక్ ఉంటే ఇవ్వండన్నాను. కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చందా రసీదుల అడుగు కాగితాలున్నాయట, షీల్డులున్నాయట, దండలు వేసిన వస్తాదుల ఫోటోలున్నాయట. పుస్తకం మాత్రం లేదు. షోలాపూర్ జోడ్‌భావి పేటలో మా ఒక్క తాలీమే ఇలా ఉందనుకోను. ఏ ఏడు ఎవరు మొదలుపెట్టారంటే, "మా తాత పోరగాడిగా ఉన్నప్పుడు" అన్న జవాబే ఎక్కువచోట్ల వస్తుంది.

కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలీలు తరాల తరబడి షోలాపూర్‌కు వస్తూనే ఉన్నారు. 1877లో ఇక్కడ బట్టల మిల్లు పడింది. ఆ తర్వాత మరికొన్ని మిల్లులు లేచాయి. మిల్లులో పని దొరకనివాళ్లు ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు. మగ్గం పోయి సాంచె, అంటే మరమగ్గం వచ్చింది, చాదర్లు, టవళ్లు వచ్చాయి. ఆడవాళ్లు గడపలో కూర్చుని బీడీలు చుట్టారు. మనవాళ్లు స్థిరపడ్డ ఈ పేటలన్నిటినీ కలిపి ఊళ్లో పూర్వభాగ్ అంటారు. చుట్టూ మరాఠీ తాలీములు, వాటిలో కుస్తీ, మల్లఖాంబ్, లేజిం. మనవాళ్లు కుస్తీ కూడా పట్టారు గానీ మనసు పడింది లేజిం మీద. అందుకు నాకు తోచే కారణం ఒకటే. పొద్దంతా కాలూ చెయ్యీ ఒక లెక్కలో ఆడించే మనిషికి సాయంత్రం హల్గీ డప్పు దెబ్బకు కాలు కలపడం కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

లేజిం అంటే మూరెడు కర్ర, దాని రెండు కొసలకూ కట్టిన ఇనుప గొలుసు, గొలుసు నిండా గుచ్చిన రేకు బిళ్లలు. పూర్వం భుజబలం కోసం గొలుసు కట్టిన విల్లు లాగేవారు, దానికి వారసత్వమే ఇది. కొత్తగా పట్టినవాడి బొటనవేలు గొలుసు సందున నలగక తప్పదు. చాపితే ఒక చప్పుడు, మూస్తే ఒక చప్పుడు, వంగి పాదం దగ్గర కొడితే ఇంకొకటి. నలభై మంది వరసలో ఒక్కడు అరక్షణం ఆలస్యమైతే చాలు, చప్పుడు చిట్లిపోతుంది. ఎవడో కళ్లతో చూడనక్కర లేదు, వస్తాద్ వీపు తిప్పి నిలబడ్డా పట్టేస్తాడు.

దీని అసలు వేదిక నూలు పున్నం. శ్రావణ పౌర్ణమినాడు జంధ్యాలు మార్చుకున్నాక మార్కండేయుడి రథం బయల్దేరుతుంది. లేజిం వరసలూ శక్తిప్రయోగాలు చేసే జట్లూ ఆ ఊరేగింపులో నడుస్తాయి. తర్వాత వినాయక నిమజ్జనం. పూర్వవిభాగ్ మధ్యవర్తి మండలి ఊరేగింపు అంటే మళ్లీ లేజిమే. ఆ నెలరోజులు రాత్రి పది దాటినా గల్లీలో చప్పుడు ఆగదు, పసిపిల్లల తల్లులు ఎంత తిట్టినా సరే.

ఇంత ఉండీ చరిత్ర రాయబోతే చేతికి తేదీ దొరకదు. ఇక్కడే నాకు అమెరికా కుర్రాళ్ల సంగతి గుర్తొస్తుంది. న్యూజెర్సీలో మేపుల్‌వుడ్ అనే చిన్న ఊరు, అక్కడ కొలంబియా హైస్కూలు. 1968లో జోయెల్ సిల్వర్ అనే విద్యార్థి ఫ్రిస్బీ ఆటను బడి తరఫున పెట్టాలని విద్యార్థి సంఘంలో సగం వేళాకోళంగా ప్రతిపాదించాడు, అది నెగ్గింది. సంఘంవాళ్లు ఒక జట్టు, బడి పత్రికవాళ్లు ఒక జట్టు. చివరికి ఆట బడి పార్కింగ్ స్థలానికి చేరి దీపాల వెలుగులో సాగేది. 1970లో సిల్వర్, బజ్జీ హెల్‌రింగ్, జాన్ హైన్స్ కలిసి నియమాలు కాగితం మీద పెట్టారు. అదే ఏడు పక్కబడి మిల్‌బర్న్‌ను 43–10తో ఓడించారు. 1972 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య పోటీ జరిగింది, రట్గర్స్ 29–27తో గెలిచింది. కాలేజీలకు పోయిన పిల్లలు ఆ నియమాలను వెంట తీసుకెళ్లారు మరి. 1985లో ప్రపంచ సమాఖ్య, 2001లో వరల్డ్ గేమ్స్, 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు. ఆ సిల్వర్ తర్వాత హాలీవుడ్ నిర్మాతై 'మేట్రిక్స్' తీశాడు.

అల్టిమేట్ అని పేరుపడ్డ ఈ ఫ్రిస్బీ ఆటలో జట్టుకు ఏడుగురు, 175 గ్రాముల పళ్లెం. పళ్లెం చేతిలో ఉన్నవాడు నడవకూడదు, పది లెక్కపెట్టేలోగా విసిరెయ్యాలి. రెఫరీ ఉండడు. ఫౌల్ అయిందో లేదో ఆడేవాళ్లే తేల్చుకోవాలి, ప్రపంచ పోటీల్లో కూడా. మన గల్లీ క్రికెట్ పంచాయితీలు తెలిసినవాడికి ఇది నమ్మశక్యంగా ఉండదు. చెన్నై సముద్రపు ఒడ్డున జాలరి పిల్లలూ, కార్పొరేట్ ఉద్యోగులూ ఒకే జట్టులో ఆడారు. ఆ చెన్నై జట్టు మీద '175 గ్రామ్స్' అని చిన్న సినిమా కూడా వచ్చింది.

అర్ధశతాబ్దం నాటి పిల్లల ఆటకు స్కోరుతో సహా చరిత్ర ఉంది. అంతకన్నా పాతదైన మన లేజింకు లేదు. నిజానికి లేజిం గురించి రాసినవాళ్లే లేరని కాదు. బరోడాలో ముజుందార్ సంపాదకత్వంలో మరాఠీ వ్యాయామ జ్ఞానకోశం పది సంపుటాలుగా వచ్చింది. బడుల్లో డ్రిల్లు కోసం 'చార్ ఆవాజ్', 'ఆది లగావ్', 'దో రుఖ్' అంటూ వరసలు కట్టారు. అవన్నీ బడి లేజిం. రథం ముందు సందు తిరిగేటప్పుడు వరస విరగకుండా కాలు ఎలా మార్చాలో, ముందు వెళ్లే వరస ఆగిపోతే ఉన్నచోటే ఏ ఆట పట్టాలో, హల్గీవాడికి వస్తాద్ కనుసైగ ఎప్పుడు వెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు. అవి డెబ్భై దాటిన కొందరి కాళ్లలో ఉన్నాయి, ఆ కాళ్లు ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఉన్నాయి.

అందుకే కార్యవర్గానికి నా సలహా. షీల్డుల ఫోటోలు ఎన్ని వేసినా సరే, ఒక్కొక్క వస్తాద్ దగ్గర కూర్చుని ఒక్కొక్క ఆటా రాయించండి. ఎవరి దగ్గర నేర్చాడు, ఏ పేటలో, ఏ మిల్లులో పనిచేసేటప్పుడు అన్నది అడగండి. సెల్‌ఫోన్ వీడియో చాలదా అంటారు కుర్రాళ్లు. వీడియోలో కాలు కనిపిస్తుంది, లెక్క కనిపించదు.

ఇంకొక తగువు ఇప్పటికే మొదలైంది. రాసేది తెలుగులోనా, మరాఠీలోనా? ఆటల పేర్లన్నీ హిందీ, మరాఠీ. కాలు తప్పితే పడే తిట్లన్నీ తెలుగు. పిల్లల్లో తెలుగు చదవగలిగేవాళ్లు ఏటికేడు తగ్గుతున్నారు. రెండింట్లోనూ రాయండని నేనన్నాను. అచ్చు ఖర్చు రెట్టింపవుతుందని కోశాధికారి అన్నారు.