గొట్టం మైకులో వినపడితేనే పాట

ఆ కొబ్బరి మట్టలు మంటలోకి తొయ్యండ్రా, పొగంతా నా మొహానికే కొడతాంది. ఏటన్నావు మనవడా, మీ బేండోళ్ళ పాట మిక్సింగు కుదరట్లేదా? తప్పెట్లు మోగితే గొంతు మునిగిపోతాందా? ఆ తగువు నీతో మొదలవలేదులే. మన నందిగాంలో తప్పెటగుళ్ళోళ్ళకి కేసెట్టు చేసీనాటికి మీ నాయన పాలు తాగీవోడు.

అంతకు ముందు మైకేటి, మిక్సింగేటి? జముకుల కథ చెప్పీవోడు ఊరి నడి వీధిలో నిలబడితే చివరింటి ముసలమ్మకి కూడా వినపడాల. పలాస దగ్గర బొడ్డపాడు గుడిలో పూజారి సుబ్బారావు పాణిగ్రాహి అలాగే జముకు పట్టి ఉద్దానం ఊళ్ళన్నీ కథలు చెప్పినాడు. 1969 డిసెంబరులో పోలీసులు కాల్చి చంపీసినారు. అప్పటికి నాను గుంటడిని. ఆ కథల మాట ఊళ్ళల్లో జనం నోట ఉండిపోయింది, ఎందుకంటే మాట తెలిసేలాగ చెప్పీవోడు గనక. జముకు ఎప్పుడు ఆపాలో ఎరిగినోడే జముకులోడు. తీగ లాగీవోడు మాట దగ్గర తగ్గి, మాట ముగిసినాక లేచీవోడు. మిక్సింగంటే అదేరా.

తప్పెటగుళ్ళు వేరు. గుండె మీద రేకు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతోటి పదిహేను ఇరవై మంది ఒక్కసారి ఎగిరితే పాటగాడి నోరు కదలడం కనపడతాది గానీ మాట వినపడదు. టేపురికార్డరు తెచ్చి ముందు బడి గదిలో పెట్టినాం. గోడలకి తగిలి తప్పెటంతా ఒకటే గోల. అది ఒగ్గీసి కళ్ళంలోకి పోనాం. చుట్టూరా గడ్డికుప్పలు, చప్పుడు తిరిగి రాదు. హైవే మీద లారీల మోత తగ్గీదాకా కూకుని, అర్ధరాత్రి మొదలెట్టీవోళ్ళం.

ఉన్నది ఒక్క మైకు. మరి ఎలాగ? మనుషుల్నే జరిపినాం. పాటగాడు మైకుకి మూరెడు దూరం, వంత పాడీవోళ్ళు బారెడు, తప్పెట్లోళ్ళు కుప్పకి ఆ పక్కన. గట్టిగా కొట్టీ కుర్రోడిని ఇంకా ఎనక్కి తోస్తే ఆడికి కోపం, అలిగి ఎలిపోనాడు. ఆడిని బతిమాలి తెచ్చీసరికి తెల్లారిపోయింది. జముకులోళ్ళకి చేసినప్పుడైతే జముకు మూతి గడ్డి వైపు తిప్పించినాం.

కేసెట్టు అయ్యాక ఇంట్లో విని బాగుందనుకోడం కాదు. సంబరానికి ఆ పాట మోగీది గొట్టంలో. కొబ్బరి చెట్టుకి గొట్టం కట్టి, చెరువు గట్టు అవతలకి పోయి వినీవోళ్ళం. జముకు గుమ్మనీ లావు మోత గొట్టంలో సగం రానే రాదు, రేకు చప్పుడు మాత్రం రెట్టింపు. అప్పుడు గట్టు మీద గడ్డి కోసుకునీ అప్పని పిలిచి, కథలో ఏటి జరిగిందో చెప్పప్పా అనీవోళ్ళం. ఆవిడ చెప్పగలిగితే కేసెట్టు నెగ్గినట్టు. లేదంటే మళ్ళీ కళ్ళంలోకే.

నీకు ఇప్పుడు కంప్యూటరుంది, ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క ట్రాకు. మైకు సెట్టు కుర్రోడు మొన్న చెప్పినాడు, మాటలో హల్లులు తేటగా పలికీది 2000 నుంచి 4000 హెర్ట్జ్‌ల మధ్యనంట, రేకు చప్పుడు కొట్టుకునీదీ అక్కడేనంట. మరి అక్కడ ఎవుడో ఒకడు తగ్గాల కదా? గొంతు పెంచుకుంటూ పోతే తప్పెట పెంచాలనిపిస్తాది, అది పెంచితే మళ్ళీ గొంతు. ఆ తోవలో పోకు. 2020లో ‘పలాస 1978’ సినిమాకి రఘు కుంచె చేసిన ‘నక్కిలీసు గొలుసు’ పాట విన్నావు గదా, ఎంత మోత ఉన్నా మాట ఒక్కటీ పోలేదు. మన ప్రాంతం పాట ఊరూరా తిరిగిందంటే సగం అందుకే అంటాన్నాను.

ఇంకో మాట. చెవులకి పెట్టుకునీ ఆ డొప్పల్లో మాత్రం విని తేల్చీకు. రేపు ముందు గొంతొక్కటే పెట్టి విను, తరవాత వంత, ఆ ఎనకాల తప్పెట్లు. అంతా అయ్యాక మైకు సెట్టోడి దగ్గరికి పట్టికెళ్ళి గొట్టంలో ఓసారి ఎయ్యించు. చెరువు గట్టు దాకా నడిచి విని, అప్పుడు బేండోళ్ళకి ఇయ్యి.