నవలలో లేని నాయిక

జీడిమెట్ల పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు మొదలయ్యాక మా వీధి సద్దుమణుగుతుంది. ఆ వేళకు బల్ల మీద రెండే ఉంచుకున్నాను. ఒకటి మూడు భాగాలూ ఒకే అట్టలో ఉన్న ‘బారిష్టర్ పార్వతీశం’. రెండోది 1940 నాటి తెలుగు సినిమాల పట్టిక. పట్టికలో ఆ నవల పేరుతోనే ఒక సినిమా ఉంది. దర్శకుడు ఆర్. ప్రకాష్. పార్వతీశంగా లంకా సత్యం. నాయిక జి. వరలక్ష్మి, ఆమెకు అదే తొలి సినిమా. పుస్తకం మూడో భాగంలో, పార్వతీశం పెళ్ళి ఘట్టం అంచున, ‘జి. వరలక్ష్మి?’ అని పెన్సిల్‌తో ఎప్పుడో రాసుకున్నాను. ఆమె వేసింది ఆ భార్య పాత్రేనా అన్న ప్రశ్న తేలాలి.

ముందు పేరు. ఆ రోజుల్లో తెర మీద ఇద్దరు వరలక్ష్ములున్నారు. ఎస్. వరలక్ష్మి 1930ల చివరలోనే బాలనటిగా వచ్చారు. పొడి అక్షరం తారుమారైందేమో అనుకున్నాను. కానీ జి. వరలక్ష్మి సినీ జీవితం గురించి రాసినవాళ్ళు ఈ చిత్రంతోనే మొదలుపెడతారు. పేరు సరైనదే.

తరవాత వయసు. ఆమె 1926లో ఒంగోలులో పుట్టారు. 1940లో పదమూడో పద్నాలుగో ఏడు. ఆ వయసులో నాయికా అన్న అనుమానం ఎక్కువసేపు నిలవదు. భానుమతి పుట్టింది 1925లో, ‘వరవిక్రయం’లో కాళింది వేసింది 1939లో. ఆ కాలానికి అది వింత కాదు.

ఇక అసలు చిక్కు. మొక్కపాటి నరసింహశాస్త్రి ఈ నవల మొదటి భాగాన్ని 1924లో వెలువరించారని కొందరు, 1925 అని కొందరు రాశారు. ఏది నిజమైనా మన లెక్క మారదు. మారేది మిగతా రెండు భాగాలతో. అవి వచ్చింది దశాబ్దాల తరవాత. సీమలో చదువుకునే రోజుల్లో పార్వతీశానికి దొరల పిల్లతో స్నేహం రెండో భాగంలో, తిరిగొచ్చాక పెళ్ళి మూడో భాగంలో. 1940లో సినిమా తీసినవాళ్ళ చేతిలో ఈ రెండూ లేవు. ఇవాళ మూడూ ఒకే అట్టలో చదివే మనకు ఆ తేడా కనబడదు. నేను పొరబడింది సరిగ్గా అక్కడే.

అప్పుడు మొదటి భాగం మళ్ళీ తెరిచాను, ఈసారి ఆడపాత్రల కోసం మాత్రమే. మొగల్తూరు నుంచి బయల్దేరిన పిలక కుర్రాడు మద్రాసు చేరతాడు, టోపీ కొంటాడు, అది ఆడవాళ్ళ టోపీ. ఓడెక్కుతాడు, సీమకు చేరతాడు. కథంతా అతని నోటనే నడుస్తుంది. ఆడవాళ్ళు వస్తారు, పోతారు. చివరిదాకా అతని పక్కన నిలిచే పాత్ర ఒక్కటీ లేదు. ఆ టోపీ పెట్టుకునేవాణ్ణి ఎంచుకోవడానికి పుస్తకం చాలు. లంకా సత్యం హాస్యనటుడు, అంతవరకు చిక్కు లేదు. నాయికను ఎంచుకోవడానికి మాత్రం ఈ పుస్తకంలో పాత్రే లేదు.

ఇక్కడ ఒక దారి నన్ను బాగా లాగింది. ఆర్. ప్రకాష్ అంటే రఘుపతి వెంకయ్య కొడుకు, 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసినవాడు. సినిమా పని నేర్చుకోవడానికి ఆయనా ఇంగ్లండు వెళ్ళారు. మొక్కపాటి ఎడింబరోలో వ్యవసాయశాస్త్రం చదివారు. ఇద్దరూ ఓడెక్కినవాళ్ళే కాబట్టి, దర్శకుడు తన అనుభవంలోంచి ఒక దొరసానిని కథలో చేర్చి ఉంటాడని చెప్పేస్తే కథ ముచ్చటగా ఉంటుంది. కానీ ఇద్దరూ సీమకు వెళ్ళారన్నంతవరకే నిజం, తక్కినది ఊహ. పక్కన పెట్టేశాను.

మిగిలింది ఇది. వరలక్ష్మి వేసిన పాత్ర రెండో భాగంలోని అమ్మాయీ కాదు, మూడో భాగంలోని భార్యా కాదు. మొదటి భాగంలో క్షణం కనిపించే మనిషిని సాగదీసి ఉండాలి, లేదా సినిమావాళ్ళే కొత్తగా రాసుకుని ఉండాలి. ఎందుకు చేశారన్నది తేదీలు చెప్పవు, నేనూ చెప్పను. పుస్తకానికి రానున్న నాయిక కంటే ముందే తెరకు ఒక నాయిక వచ్చింది.

రబ్బరు తీసి, మూడో భాగం అంచున ఉన్న ఆ పేరు చెరిపాను.