కోవెలయు వైద్యశాలయు: మనోవ్యాధి విషయమున మన పూర్వుల మార్గము

ఇంటిలో ఒకరికి జ్వరము వచ్చినచో వైద్యునకు కబురు పంపుదుము, ఇరుగుపొరుగువారికి చెప్పుదుము. మనస్సు చెదరినచో మాత్రము తలుపులు మూయుదుము. పిమ్మట కొందరు ముడుపు కట్టి రోగిని కోవెలకు కొనిపోవుదురు. కొందరు ఎవరికిని తెలియకుండ ఆసుపత్రికి కొనిపోవుదురు. మొదటివారు రెండవవారిని దైవమునందు నమ్మకము లేనివారందురు. రెండవవారు మొదటివారిని మూఢులందురు. ఈ కలహము మన పూర్వులనుండి వచ్చినది కాదు. ఇది ఎట్లు పుట్టినదో, దీనివలన కలిగిన నష్టమేమో, తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములు తెలిసికొనుట మేలని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము వైద్యులము గాము, పండితులము గాము. జీవితమంతయు కచేరీ కాగితములు చూచినవారము. కాగితమున ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే మాకు తెలిసిన విద్య.

మొదట వైద్యశాస్త్రము చెప్పినది చూతము. చరకసంహిత సూత్రస్థానమున చికిత్స మూడు విధములని చెప్పబడినది. మంత్రము, హోమము, ఉపవాసము, తీర్థయాత్ర మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారము, ఔషధము యుక్తివ్యపాశ్రయము. కీడు చేయు విషయములనుండి మనస్సును మరలించుట సత్త్వావజయము. నేడు మనోవైద్యులు మాటలతో చేయు చికిత్సకు ఈ మూడవది దగ్గరి చుట్టము. ఈ మూటిని ఆ గ్రంథము ఒక్క వరుసలో నిలిపినది. పూర్వులు చెప్పినదెల్ల మంచిదేయని మేము వాదింపము. ఉన్మాదికి చికిత్స యను పేర కట్టివేయుట, భయపెట్టుట కూడ ఆ గ్రంథముననే కలవు. వానిని విడువవలసినదే. అయినను దైవమును నమ్మువాడు ఔషధమును మానవలెనను మాట అందు లేదు.

శాసనములును ఈ పొత్తునకే సాక్ష్యమిచ్చుచున్నవి. కాంచీపుర ప్రాంతమున పాలారు సంగమముకడ తిరుముక్కూడల్ అను క్షేత్రము కలదు. అచ్చటి వేంకటేశ పెరుమాళ్ కోవెలలో వీరరాజేంద్ర చోళుని కాలపు శాసనము, క్రీ.శ. 1068 ప్రాంతమునాటిది, నేటికిని నిలిచియున్నది. కోవెల యాదాయముతో వేదపాఠశాలయు, 15 పడకల ఆతురశాలయు నడచినట్లు అందు వ్రాయబడినది. వైద్యుడు, శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చువారు, రోగులకు పరిచర్య చేయువారు, నిలువ యుంచవలసిన మందులు, అన్నియు ఆ రాతిపై లెక్కగా చెక్కబడినవి. మన తెలుగునాట, గుంటూరు సీమలోని మల్కాపురమున, రాణీ రుద్రమదేవి కాలమునాటి 1261వ సంవత్సరపు శాసనము కలదు. విశ్వేశ్వర శివాచార్యులవారి గోళకీ మఠమునకు చేరిన విద్యాశాల, అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల అందు పేర్కొనబడినవి. ఇవి మనోవ్యాధులకై కట్టినవని మేము చెప్పుట లేదు. దేవుని సొమ్ముతో వైద్యుని పోషించుట ధర్మకార్యమని నాటివారు తలచిరనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

అట్లయిన ఈ యెడబాటు ఎక్కడిది? కంపెనీ కాలమున 1794లో చెన్నపట్టణమున వలెంటైన్ కానలీ యను శస్త్రవైద్యుని యాజమాన్యమున పిచ్చియాసుపత్రి యేర్పడెను. 1871లో అది కీల్పాకునకు మారెను. 1912లో చేసిన చట్టమునందు స్వచ్ఛందముగా చేరుటకు వీలున్నను, సామాన్యముగా రోగి మేజిస్ట్రేటు ఉత్తరువుతో చేరవలసివచ్చెడివాడు. పోలీసు, కచేరీ, ఉత్తరువు, ఎత్తైన గోడ: ఇవి చూచిన గృహస్థునకు అది వైద్యశాలగా తోచునా, చెరసాలగా తోచునా? ఆడపిల్లల పెండ్లిసంబంధములు చెడునను భయము దీనికి తోడయ్యెను. కోవెలలో ఉత్తరువు అడుగువారు లేరు. కావున జనులు కోవెలకు పోవుట మూఢత్వమని తీసివేయరాదు. వారు పరువు నిలుచు చోటు వెదకికొనిరి.

అట్టి చోట్లలో గుణశీలము ఒకటి. తిరుచిరాపల్లికి పడమట, కావేరి యుత్తరపు గట్టున ప్రసన్న వేంకటాచలపతి వెలసిన స్థలమిది. వేంకటేశ్వరుడు ఇలవేలుపుగా గల మన కుటుంబములకు అది పరాయి కోవెల కాదు. మతి చెదరినవారు అచ్చట 48 దినములు, అనగా ఒక మండలము, స్వామి సన్నిధిని వసించి తీర్థము మొగమున చల్లించుకొనుట ఆచారము.

రామనాథపురము జిల్లాలోని ఏర్వాడి దర్గాకును ఇట్లే అన్ని మతములవారు పోవుచుందురు. ఆ దర్గా చుట్టును కొందరు డబ్బు పుచ్చుకొని రోగులను పాకలలో గొలుసులతో కట్టియుంచెడివారు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అట్టి పాక యొకటి అంటుకొనెను. గొలుసులు తెంచుకొనలేక 28 మంది మరణించిరి. ఆ దోషము ప్రార్థనది కాదు, వైద్యమును దూరముంచి గొలుసును నమ్మిన మనుష్యులది. దేశమంతయు ఉలికిపడెను, సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టెను. తరువాత గుణశీలమున లైసెన్సుతో పునరావాస కేంద్రము నడుచుటయు, మనోవైద్యులు వచ్చి రోగులను చూచుటయు ఏర్పడెను. పూజ ఆగలేదు, మందు వచ్చి చేరినది. 2018లో అమలునకు వచ్చిన 2017 నాటి మానసికారోగ్య చట్టము రోగిని ఏ విధముగను గొలుసుతో కట్టరాదని స్పష్టముగా నిషేధించినది.

వైద్యులును ఒక పాఠము నేర్చుకొనిరి. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు 1957లో తెరచిన మానసికారోగ్య కేంద్రమున రోగితో కుటుంబమువారును ఉండు పద్ధతి ప్రారంభమయ్యెను. తమిళనాట ముత్తుస్వామి యను పేర గల యొక కోవెలలో వసించిన 31 మంది రోగులను బెంగుళూరు నిమ్హాన్సుకు చెందిన రఘురాముగారును సహచరులును పరిశీలించి, 2002లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. మందు లేకయే వారి రోగలక్షణముల కొలత ఇంచుమించు ఐదవవంతు తగ్గినది. భయపెట్టని, ఆదరముగల పరిసరమే దానికి కారణము కావచ్చునని వారు తలచిరి. 31 మంది చిన్న లెక్క. దానినిబట్టి మందు అక్కరలేదనరాదు. ఆదరమును ఒక మందేయని మాత్రము గ్రహింపవచ్చును.

ఇక మనవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. మనము బేరము తమిళములో ఆడుదుము, పిల్లలను తమిళములోనో ఇంగ్లీషులోనో చదివింతుము. దుఃఖము మాత్రము తెలుగులో వచ్చును. ఇంటిలోని పెద్దామె "గుండెలో గుబులుగా ఉన్నది" అన్నచో ఆ గుబులునకు వైద్యునియొద్ద మాట దొరకదు. కోడలు దుబాసిగా కూర్చుండును. అత్తకు కోడలిని గూర్చియే చెప్పవలసినది యున్నచో ఆమె యేమి చెప్పగలదు? చేతికి కట్టు కట్టించుకొనుటకు భాష అంతగా అక్కరలేదు. మనస్సునకు మాటయే కట్టు. దేవునియెదుట మాత్రము ఆమె తన తెలుగులో మొరపెట్టుకొనగలదు. మనవారిని కోవెల ఇంతగా ఆకర్షించుటకు ఇదియు నొక హేతువని మా యభిప్రాయము. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సహాయము 14416 నంబరున తెలుగులో కూడ లభించును. ఆ నంబరు ప్రతి యింటి గోడమీద వ్రాసియుంచదగినది.

ఆచరణయందు గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. మండలదీక్ష పట్టినవారు మందు మానవలెనను నియమము లేదు. వైద్యుని యడుగక మానినచో వ్యాధి తిరుగబెట్టును. లిథియము వంటి మందు పుచ్చుకొనువారు నీరైనను త్రాగక ఉపవాసముండుట అపాయము. వైద్యునికి ముందుగా చెప్పవలెను. ఉన్మాదము తరచు వచ్చువారికి నిద్ర యెడతెగుట కీడు. శివరాత్రి జాగరణము వారి పక్షమున ఇంటివారు చేయుదురు గాక. వైద్యులును రోగి జపమాలను చూచి నవ్వరాదు.

తిరుముక్కూడల్ కోవెలలో దైవసేవయు రోగిపరిచర్యయు ఒక్క గోడపైననే వ్రాయబడినవి. ఆ రెండు లెక్కలను మరల ఒక్క యింట కలుపుకొనుట మన చేతిలోని పని. ముందుగా ఆ తలుపులు తెరతము.