రీఫ్ అక్వేరియం: నాచు పట్టిందని మందు పోస్తున్నారా..? ముందు ఈ నంబర్లు చూడండి!

నీలి వెలుగులో ఊగే పగడాలు.. వాటి మధ్య క్లౌన్ ఫిష్. ఇలాంటి రీఫ్ అక్వేరియం వీడియోలు చూస్తే ఎవరికైనా ఇంట్లో ఒకటి పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ పెట్టిన కొన్ని నెలలకే రాళ్ల మీద పచ్చటి వెంట్రుకల్లా నాచు అల్లుకుంటుంది. కంగారుపడి నాచు మందు తెచ్చి పోసేస్తారు కొందరు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మందు పోస్తే ఏమవుతుంది?

నాచు జబ్బు కాదు, లక్షణం మాత్రమే. నీళ్లలో పెరిగిన నైట్రేట్, ఫాస్ఫేట్‌లే దానికి ఎరువు. మందుతో నాచు అంతా ఒకేసారి చస్తే అది కుళ్లి, నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తిన్న ఎరువును మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. ఇక కాపర్ ఉన్న మందులైతే పగడాలను, రొయ్యలను, నత్తలను చంపేస్తాయి.

వంటింటి ఆర్వో నీళ్లు సరిపోవా?

మన దేశంలో తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల వరకు నైట్రేట్ ఉండొచ్చు. రీఫ్ ట్యాంకుకు 10 దాటితేనే ఎక్కువ. అంటే మనం తాగే నీళ్లే నాచుకు ఎరువు కావచ్చు. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లలో నైట్రేట్ సమస్య ఉన్న సంగతి తెలిసిందే.

వంటింటి ఆర్వో మెషీన్ చాలావరకు వడకడుతుంది కానీ, పూర్తిగా కాదు. పైగా చాలా మెషీన్లు రుచి కోసం ఖనిజాలను మళ్లీ కలుపుతాయి. అందుకే ఆర్వో తర్వాత డీఐ రెజిన్ ఫిల్టర్ కూడా ఉండాలి. టీడీఎస్ మీటర్ 0 చూపించిన నీళ్లలోనే రీఫ్ సాల్ట్ కలపాలి.

ట్యాంకులో నీళ్లు ఆవిరైతే ఉప్పు పోదు, నీరే పోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీళ్లే పోయాలి.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు

* ఉప్పదనం: 35 పీపీటీ (స్పెసిఫిక్ గ్రావిటీ సుమారు 1.026)
* ఉష్ణోగ్రత: 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్
* అమ్మోనియా, నైట్రైట్: 0
* నైట్రేట్: 2 నుంచి 10 పీపీఎం
* ఫాస్ఫేట్: 0.03 నుంచి 0.1 పీపీఎం
* ఆల్కలినిటీ: 8 నుంచి 9 డీకేహెచ్
* కాల్షియం: 400 నుంచి 450 పీపీఎం

మన ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. వేడి ఎక్కువైతే పగడాలు తెల్లబడి చనిపోవచ్చు. ఫ్యానో, చిల్లరో తప్పనిసరి.

ఏ నాచు ఏం చెబుతోంది?

గోధుమ రంగు పొడి: కొత్త ట్యాంకులో వచ్చే డయాటమ్స్. సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి.

ఎర్రటి జిగురు పొర: ఇది నాచు కాదు, సయానో బ్యాక్టీరియా. నీటి ప్రవాహం తక్కువైన చోట ఎక్కువగా పడుతుంది.

పచ్చటి వెంట్రుకలు: మేత ఎక్కువ వేస్తున్నారని, శుభ్రం తక్కువ చేస్తున్నారని అర్థం.

గులాబీ, ఊదా రంగు గట్టి పొర: ఇది కోరలైన్. మంచిదే, గీకేయొద్దు.

మరి ఏం చేయాలి?

ముందు చేత్తో, టూత్ బ్రష్‌తో నాచును వీలైనంత తీసేయండి. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేసేంత మేతే వేయండి. వారానికి 10 శాతం నీళ్లు మార్చండి. ప్రొటీన్ స్కిమ్మర్ కప్పు, ఫిల్టర్ సాక్ కడగడం మర్చిపోవద్దు. టర్బో నత్తలు మిగిలిన నాచును మేసేస్తాయి. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

సున్నా చేస్తే ఇంకో చిక్కు!

నైట్రేట్, ఫాస్ఫేట్‌లను పూర్తిగా తీసేస్తే సరిపోతుంది కదా అనుకోవద్దు. పగడం ఒంట్లోనూ ఒక రకం సూక్ష్మ నాచే కాపురముంటుంది. వెలుగుతో ఆహారం తయారుచేసి పగడానికి పెట్టేది అదే. ఎరువు సున్నా అయితే పగడం కూడా పస్తులుంటుంది. పైగా డైనోఫ్లాజెల్లేట్లు అనే బుడగల జిగురు పట్టే అవకాశం ఉంటుంది, దాన్ని వదిలించడం మరీ కష్టం. అందుకే ఏ మార్పు అయినా కొద్దికొద్దిగానే చేయాలి.

ఇది మాత్రం చేయొద్దు

బీచ్‌కి వెళ్లినప్పుడో, దీవుల టూర్‌లోనో పగడాలు తెచ్చేద్దాం అనుకుంటే జైలుకెళ్లాల్సి వస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం మన సముద్రాల్లో దిబ్బలు కట్టే పగడాలు షెడ్యూల్-1లో ఉన్నాయి. అంటే పులితో సమానం. షాపులో కొనేటప్పుడు కూడా అది ఏ జాతి, ఎక్కడి నుంచి వచ్చింది, కాగితాలు ఉన్నాయా అని అడిగి తీరాలి.

చివరగా ఒక్క మాట.. వారానికోసారి టెస్ట్ కిట్‌తో చూసి, ఆ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నాచు కంటికి కనిపించేలోపే ఆ పుస్తకం మీకు చెప్పేస్తుంది.