ఆసుపత్రి గడప అవతల: పల్నాడులో హెచ్‌ఐవీ నివారణ

2004-05లో ప్రజారోగ్య పరిశోధకుడు లలిత్ దండోనా బృందం అప్పటి గుంటూరు జిల్లా ఊళ్లలోనూ పట్టణాల్లోనూ తిరిగి, 15 నుంచి 49 ఏళ్ల వయసున్న 12,617 మంది రక్తం పరీక్షించింది. నేటి పల్నాడు అప్పుడు ఆ జిల్లాలో భాగమే. నరసరావుపేట కేంద్రంగా విడిపడింది 2022 ఏప్రిల్ 4న. అధ్యయన ఫలితాలు 2006లో ‘బీఎంసీ మెడిసిన్’లో వెలువడ్డాయి. ఆ వయసువారిలో హెచ్‌ఐవీ 1.72 శాతం, అంటే జిల్లాలో సుమారు 45,900 మంది. ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే సెంటినెల్ సర్వే పద్ధతిలో లెక్కగడితే మాత్రం 1,12,600 తేలింది!

ఇంత తేడా ఎందుకు? హెచ్‌ఐవీ ఉన్నవారిని, అనుమానం ఉన్నవారిని పెద్దాసుపత్రికే పంపేవారు. పేదలు వెళ్లేదీ ఎక్కువగా అక్కడికే. ఓపీ వరుసలో ఉన్నవాళ్లను చూసి జిల్లా అంతా అంతేననుకోవడంతో అంకె ఉబ్బింది. 2007లో కుటుంబ ఆరోగ్య సర్వే వంటి కొత్త ఆధారాలతో దేశం మొత్తం అంచనా కూడా సగానికి పైగా తగ్గి 25 లక్షల దగ్గరకు వచ్చింది.

నివారణలోనూ ఇదే పొరపాటు జరగవచ్చు. సెక్స్ వర్కర్లు, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్లు, సూదితో మత్తుమందు తీసుకునేవారు తమంతట తాము ఆసుపత్రికి రావడం అరుదు. ఎవరైనా గుర్తుపడతారన్న భయమే వారిని ఆపుతుంది.

పల్నాడులో నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా సాగుతుంది. సున్నం, సిమెంటు, మిర్చి లారీలకెక్కేది ఈ ప్రాంతంలోనే. కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీలు దిగుతారు. లారీ తోలడమో మిరపకాయ కోయడమో జబ్బు తేదు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండటం, చేతికందని వైద్యం ముప్పును పెంచుతాయి.

అందుకే ముప్పు ఎక్కువున్నవారి కోసం పెట్టిన ‘టార్గెటెడ్ ఇంటర్వెన్షన్’ పథకాలు మనుషులున్న చోటికే వెళ్లాయి. 2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ‘అవాహన్’ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ పనిచేసింది. జాతీయ మార్గదర్శకాల ప్రకారం సుమారు 60 మంది సెక్స్ వర్కర్లకు వారిలోంచే ఒక పీర్ ఎడ్యుకేటర్ ఉంటుంది. కండోములివ్వడంతో ఆమె పని అయిపోదు. తెల్లబట్ట, పుండ్లు ఉన్నాయని ఎవరైనా చెబితే సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌కు తోడు వెళ్లాలి. ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష గుర్తుచేయాలి. సుఖవ్యాధి ఉంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది. అయితే ఇప్పుడు బేరాలు బస్టాండు నుంచి సెల్‌ఫోనుకు మారాయి. పాత ‘హాట్‌స్పాట్’ జాబితా పట్టుకుని తిరిగితే చాలామంది దొరకరు.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ముప్పు తగ్గించేందుకు కండోములు, శుభ్రమైన సూదులు అందించడం నేరం కాదు. కింది స్థాయి పోలీసులకు ఈ సంగతి తెలిసినప్పుడే పీర్ ఎడ్యుకేటర్ నిర్భయంగా తిరగగలదు.

చికిత్స కూడా నివారణే. క్రమం తప్పక హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా వ్యాధి సోకదు. 2017 నుంచి సీడీ4 అనే రోగనిరోధక కణాల సంఖ్యతో పనిలేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఉచితంగా మందులిస్తున్నారు. వలస కూలీకి ఇది అందాలంటే కోతల రోజుల్లో సాయంత్రం పూట పరీక్షా శిబిరాలు పెట్టాలి. సొంతూరు వెళ్లేటప్పుడు మూడు నెలల మందులు, అక్కడి ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ పత్రం చేతికివ్వాలి. కార్యక్రమం ఫలితాన్ని కూడా పంచిన కండోముల లెక్కతో కాక, ఏడాది తర్వాత మందులు వాడుతున్నవారి లెక్కతో బేరీజు వేయాలి.